ఒక్క షేరు వాటాదారు

"ఉమ్మాలంటే బయట ఉమ్మి రా కాకా! మొన్ననే సున్నం ఏయించిన."

రవీంద్ర తల ఎత్తకుండానే అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన ఉమ్మలేదు. అడ్డంగా తలూపాడు.

సూరత్‌లో అడిగినదానికి నోరు విప్పకుండా తలాడిస్తే నోట్లో మావా ఉన్నట్టే. పొగాకూ వక్కా సున్నం కలిపి నలిపిన ఆ ముద్ద బుగ్గన పెట్టుకున్నవాడికి మిగిలేవి రెండే మాటలు. తల నిలువుగా, తల అడ్డంగా.

ఆ ఊరి భేస్తాన్ పేటలో రవీంద్రది 'మార్కండేయ ఆన్‌లైన్ సెంటర్'. ఆధార్ దిద్దుళ్లు, రైలు టికెట్లు. మిగిలిందంతా ఒక పొగాకు కంపెనీ షేర్లలో పెడతాడు. తాను మాత్రం బీడీ కాల్చడు, మావా ముట్టడు.

"తిన్నోనికి దగ్గు, కొన్నోనికి నిగ్గు" అని ఆధార్ కోసం వచ్చినవాళ్లకు కూడా ఉచితంగా బోధిస్తాడు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ షేరు పెరిగిన రోజున రవీంద్రకు నిప్పు లేకుండానే పొగరు వచ్చేది.

పెద్దాయన ఫోన్ ముందుకు చాపాడు. చూసి రవీంద్ర కుర్చీలోంచి లేచాడు.

అదే కంపెనీ! వాటాదారుల వార్షిక సమావేశం. పదకొండు గంటలకు, ఆన్‌లైన్‌లో. మాట్లాడేవాళ్ల జాబితాలో నాలుగో పేరు అంబదాస్. ఉన్న షేర్లు: ఒకటి.

"ఒక్కటేనా? నాకు రెండు వందల యాభై ఉన్నయి కాకా. నేనే సప్పుడు జేస్తలేను. ఒక్క షేరుకు గింత షోరా?"

అంబదాస్ నవ్వాడు. ఫోన్‌లో ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. ఒక్క షేరున్నా సరే, ముందుగా పేరిచ్చినవాడు చైర్మన్‌తో మూడు నిమిషాలు మాట్లాడవచ్చు.

"ఏందో గట్టిగనే అడిగేటట్టున్నవ్! బోనస్ షేర్లు అడుగు కాకా, నాకూ అస్తయి."

అంబదాస్ తన నోరు చూపించాడు. తర్వాత రవీంద్ర నోరు. తర్వాత మైకు. పెదవులు మెల్లగా కదిపాడు.

అప్పటికి రవీంద్ర కళ్లు మళ్లీ షేరు ధర మీదికి వెళ్లిపోయాయి.

"సమజైంది, సమజైంది" అంటూ చెత్తబుట్టను కాలితో ముందుకు తోశాడు. "మాట్లాడేముందు గిండ్ల ఉమ్మేయ్."

పెద్దాయన ఆ బుట్టను మెల్లగా పక్కకు జరిపి మైకు ముందు కూర్చున్నాడు.

సమావేశం మొదలైంది. తెర మీద చైర్మన్, వెనకాల పూలగుత్తి. పొగాకు కంపెనీ కదా, పొగడ్తలు దట్టంగానే లేచాయి. ఒకాయన చైర్మన్‌ను సూర్యుడన్నాడు. రెండో ఆయన చంద్రుడన్నాడు. మూడో ఆవిడ, దీపావళికి స్వీటు డబ్బా కాస్త పెద్దది పంపమంది.

"అబ్ అంబదాస్‌జీ." తెరలోంచి పిలిచారు.

పెద్దాయన నిటారుగా కూర్చుని చేతులు జోడించాడు. పెదవులు కదిలాయి.

"అంబదాస్‌జీ, ఆవాజ్ నహీ ఆ రహీ."

మాట వినపడటం లేదట. రవీంద్ర మైకు మీదికి వంగాడు. తన సెంటర్ పరువు! వైరు పీకి పెట్టాడు. మైకును ఊదాడు. సెట్టింగులన్నీ నొక్కాడు. ఒక నిమిషం పోయింది.

"ఆవాజ్ నహీ ఆ రహీ, అంబదాస్‌జీ."

అంబదాస్ ఆగలేదు. తొందరా పడలేదు. చైర్మన్ కళ్లలోకి చూస్తూ పెదవులు కదుపుతూనే ఉన్నాడు. రెండు నిమిషాలు పోయాయి.

కాలర్‌కు పెట్టే చిన్న మైకు తెచ్చి, పెద్దాయన మెడకు చుట్టిన తెల్లగుడ్డ పక్కకు జరిపాడు రవీంద్ర.

గొంతు మధ్యన రూపాయి బిళ్లంత రంధ్రం. ఊపిరి అక్కణ్నుంచే వస్తోంది, వెళుతోంది.

పెట్టబోయిన మైకును రవీంద్ర వెనక్కి లాక్కున్నాడు.

"గా మైకును ఎందుకు పీకుతున్నవయ్యా? ఆయన దిక్కు సూడు! ఆయన మాట్లాడుతుండు!"

గుమ్మంలో టిఫిన్ డబ్బాతో సుభాషిణి. రవీంద్ర భార్య. పన్నెండేళ్లుగా సాంచాల మీద పని. నూరు మరమగ్గాలు మోగే ఆ షెడ్డులో అరిచినా వినపడదు. అక్కడ మనిషి మాటను చెవితో వినరు, పెదవుల మీద చదువుకుంటారు. రవీంద్రకూ ఒకప్పుడు వచ్చిన చదువే. కంప్యూటర్ కొన్నాక మనుషుల ముఖాలు చూసే పని తగ్గింది.

"నీ బోర్డు మీద మన పద్మశాలోళ్ల దేవుడు మార్కండేయుని పేరు సూసి అచ్చుంటడు. మనం సాంచాలోళ్లమని. తను పెదిమలు కదిపితే నువ్వు గట్టిగ సదువుతవని!"

సుభాషిణి డబ్బా కింద పడేసి మైకు దగ్గరికి పరుగెత్తింది. కానీ చదువుతూ చదువుతూ నోరు పెగలక నిలబడిపోయింది. కళ్లు మాత్రం ఆ పెదవుల్ని వదల్లేదు.

"సమయ్ సమాప్త్. ధన్యవాద్, అంబదాస్‌జీ."

తెర మీదికి ఐదో ఆయన వచ్చాడు. చైర్మన్‌ను హిమాలయం అన్నాడు.

అంబదాస్ గుడ్డ సర్దుకున్నాడు. బల్ల మీద ఇరవై రూపాయలు పెట్టాడు. సుభాషిణికి తలవంచి నమస్కారం చేసి, వెళ్లి షేర్ ఆటో ఎక్కాడు.

రవీంద్ర బయటికి ఉరికేసరికి ఆటో పాండేసరా మలుపు తిరిగిపోయింది.

తిరిగొచ్చి, భార్య ముఖం చూడటానికి భయపడుతూ అడిగాడు.

"ఏమన్నడే?"

సుభాషిణి పెదవులు కదిలాయి. ఈసారి శబ్దం వచ్చింది.

"'సేఠ్, ఇరవై ఏండ్ల సంది మీ మాల్ కొనుమని రేడియోల పిలిచే గొంతు నాదే, అది నాకు మళ్ల రాదు, మీ దగ్గరున్న దాన్నన్న ఇగ బంద్ జెయ్యుండ్రి' అన్నడు."