నేల మీది బీమా

మహర్నవమి రోజు ఉదయం 11 గంటల 20 నిమిషాలకు కిషన్ రావు విమానం ఎడమ రెక్క షెడ్డు ఇనుప తలుపుకు తగిలి వంగింది. అప్పుడు ఇంజన్ నడుస్తోంది. సీట్లో కిషన్ రావే ఉన్నాడు. ముక్కు చక్రం కింద ఒకటి, వెనక చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టి, లారీకి చేసినట్టే విమానానికీ పూజ చేశారు. నిమ్మకాయలు నలగడానికి రెండడుగులు చాలు. విమానం పన్నెండు అడుగులు పోయింది.

షెడ్డు పరకాల రోడ్డులో పత్తి జిన్నింగ్ మిల్లు వెనక ఉంది. విమానం రెండు సీట్లది. ఎగరడానికి కూడా కలిపి బీమా చేయిస్తే ఏడాదికి రెండు లక్షల పదివేలు. నేల మీద జరిగే నష్టానికి మాత్రమే అయితే యాభై రెండు వేలు. రెండేళ్లుగా కిషన్ రావు యాభై రెండు వేలే కడుతున్నాడు. రెండేళ్లుగా విమానం ఎగరలేదు. రెక్క బాగు చేయడానికి మెకానిక్ చెప్పింది పదకొండు లక్షలు.

"బీమావాళ్లు ఇస్తే చేయించుకోండి. ఇయ్యకుంటే మిల్లు పైసలు ఒక్క రూపాయి పెట్టేది లేదు. విమానం కొంటనని హైదరాబాదాయన అడుగుతనే ఉన్నడు, అమ్మెయ్యుండ్రి," అంది భార్య విజయలక్ష్మి. మిల్లు ఆమె పేరు మీద ఉంది.

ఆమె తమ్ముడు శ్యాంసుందర్‌కు ఆరు లారీలున్నాయి. క్లెయిముల సంగతి తనకు తెలుసన్నాడు.

"బావా, ఇంజన్ చాలు జేసి నడిపిన అన్నవో, పైసలు గాయబ్. నేల మీది పాలసీ అంటే ఆగి ఉన్న బండికే. మిల్లు హమాలీలు తోసిన్రు, తలుపుకు తాకింది. గంతే."

"మరి నేను ఏడున్న?"

"హారతి పళ్లెం పట్టుకోని బయట నిలబడ్డవ్."

"పళ్లెం పట్టుకున్నది నేను," అంది విజయలక్ష్మి.

"అయితే కొబ్బరికాయ పట్టుకున్నడు. జర ఆగక్కా."

నాలుగో రోజు మధ్యాహ్నం మూడింటికి బీమా సర్వేయర్ పద్మలత హైదరాబాదు నుంచి వచ్చింది. ఆ రోజుకు ఆమెకది మూడో తనిఖీ. నీళ్లు తాగింది, టీ వద్దంది. రెక్క కొలిచి, ఫొటోలు తీసి, విమానం పక్కనే కుర్చీ వేయించుకుని కాగితాలు ఒళ్లో పెట్టుకుంది. ముందు మిల్లు హమాలీల పెద్ద సదానందాన్ని పిలిచింది.

"మీరే తోశారా?"

"తోసినం మేడమ్. ఎనిమిది మందిమి. బరువు లేదు, పత్తి బేలు కంటే అల్కగున్నది."

"మీరెక్కడ పట్టుకున్నారు?"

"తోక."

ఆమె రెండో హమాలీ వైపు చూసింది. "మీరు?"

"తోక."

మూడో మనిషిదీ తోకే.

"ముగ్గురూ తోకే పట్టుకున్నారా?"

"తోక పొడుగున్నది మేడమ్," అన్నాడు సదానందం.

పద్మలత అదే రాసుకుంది. తర్వాత విమానం అద్దం చూపించింది. దాని మీద పసుపు చుక్కలున్నాయి.

"ముక్కు మీది పంకాకు పెట్టిన పసుపు అద్దం మీదికి ఎలా చిమ్మింది సార్?"

కిషన్ రావు బావమరిది వైపు చూశాడు.

"గాలి మేడమ్," అన్నాడు శ్యాంసుందర్. "మొన్న బాగ గాలొచ్చింది."

"షెడ్డు లోపలా?"

పద్మలత కళ్లజోడు తీసి కళ్లు నలుముకుంది.

"సార్, విమానం నడిపే లైసెన్స్ ఇక్కడ ఎవరికుంది?"

"నాకొక్కనికే."

"ఆ టైములో మీరు సీట్లో ఉన్నారా?"

"లేను. కొబ్బరికాయ పట్టుకోని బయట నిలబడ్డ."

"ఇంజన్?"

"బందే ఉన్నది."

"మళ్లీ అడుగుతున్నాను. తొందరేం లేదు, ఆలోచించి చెప్పండి. ఇంజన్ మీరే నడిపారంటే అదే రాస్తాను. నాకేం ఇబ్బంది లేదు."

కిషన్ రావు నోరు తెరిచాడు. శ్యాంసుందర్ అతని భుజం పట్టుకుని నాలుగడుగులు పక్కకు తీసుకుపోయాడు.

"పట్టుకుందామని చూస్తాంది బావా. నా మూడో లారీకి గిట్లనే మంచిగ మాట్లాడి ముంచిన్రు. గట్టిగుండు."

"అబద్ధం మంచిగనిపిస్తలేదురా."

"విమానం అమ్ముడు మంచిగనిపిస్తాందా?"

కిషన్ రావు వెనక్కి వచ్చాడు.

"ఇంజన్ బందే ఉన్నది మేడమ్. నేను సీట్ల లేను. హమాలీలే తోసిన్రు."

"ఇదే మీ చివరి మాటా?"

"చెప్పిండు గద మేడమ్," అన్నాడు శ్యాంసుందర్. "ఒక్క మాటకు ఎన్నిసార్లు అడుగుతరు?"

"నేను అడగడం వరకే అండి. జవాబు నేను చెప్పకూడదు."

ఆమె వాంగ్మూలం చదివి వినిపించింది. కిషన్ రావు సంతకం చేశాడు. సదానందం, మరో ఇద్దరు హమాలీలు సాక్షులుగా సంతకం పెట్టారు. నాలుగు గంటల పది నిమిషాలకు పద్మలత కారు మిల్లు గేటు దాటింది.

"ఫికర్ చెయ్యకు. పైసలు అచ్చినట్టే," అన్నాడు శ్యాంసుందర్.

పదకొండో రోజు బీమా కంపెనీ ఉత్తరం వచ్చింది. పైలట్ సీట్లో లేకుండా మనుషులు తోస్తుండగా జరిగిన నష్టం పాలసీ కిందికి రాదని, లైసెన్స్ ఉన్న పైలట్ ఇంజన్‌తో నేల మీద నడుపుతుండగా జరిగి ఉంటే పదకొండు లక్షలూ చెల్లించేవారమని అందులో ఉంది.