పదహారడుగుల గది

“పదహారడుగులా?” షాపాయన ఫ్లోరింగ్ షీటు రోలు మీద పెట్టబోతున్న కత్తిని వెనక్కి తీసుకున్నాడు. “టేపు పెట్టి కొలిచారా అమ్మా?”

“నిన్నటిదాకా ఆ గదిలో పడుకున్న మనిషి నోటితో అన్న మాట. మళ్లీ టేపెందుకు?” అంది పెద్దకోడలు.

“మీ వీధిలో సగం ఇళ్లకి నేనే ఫ్లోరింగ్ వేశాను. పడగ్గది ఏదీ పన్నెండు దాటదు. ఒకసారి కోశానంటే వెనక్కి తీసుకోను మరి.”

“దాటదనే మాకూ చెప్పారులెండి ఇన్నాళ్లూ. ఒక గదికి పన్నెండు, ఇంకో గదికి పదహారు. కోయండి.”

ఆవిడ కడుపుమంట ఆయనకేం తెలుసు! “సరే, కొంచెం టైము పడుతుంది. బాబుని కింద వదలండమ్మా, ఈ రోల్స్ మధ్య ఆడుకుంటాడు” అన్నాడు.

“వద్దులెండి” అని టక్కున అనేసి, ఆవిడ కొడుకుని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

ఈ గొడవంతా మామగారు పడగ్గదులకి కొత్త ఫ్లోరింగ్ వేయిద్దామన్న రోజున మొదలైందనుకుంటే పొరపాటే. తోడికోడలు ఆ ఇంట్లో కాలుపెట్టిన రోజునే మొదలైంది. అత్తగారికి ఆ పిల్ల “అమ్మడూ”, తను మాత్రం “ఇదిగో”. పోనీ పిల్లల దగ్గరైనా ఊరట ఉందా? తోడికోడలి పాపకన్నా బాబు మూణ్నెల్లు పెద్ద. అయినా ముందు పళ్లొచ్చింది పాపకి. ముందు “తాత” అన్నదీ పాపే. పెద్దకోడలు పైకి ముద్దులు పెట్టింది, లోపల పళ్లు నూరింది.

ఈ మధ్య ఆ అసూయకి కొత్త మేత దొరికింది. చిన్నకోడలి గది తలుపు పొద్దస్తమానం మూసే ఉంటోంది. లోపల గుసగుసలు, కిలకిలలు. అత్తగారు పిల్లిలా అందులో దూరి, నవ్వు దిగమింగుకుంటూ బయటికొస్తుంది. ఏంటత్తయ్యా అంటే “ఏం లేదులేవే, ఏదో గుర్తొచ్చింది” అంటుంది. ఇక ఆ మహాతల్లి హాల్లోకి వచ్చిందంటే పాపని చంక దించదు.

“మనం తిరిగే నేల మీద పెడితే మహారాణిగారి కూతురు మాసిపోదూ!” అని మొగుడి దగ్గర రుసరుసలాడింది పెద్దకోడలు.

“నీకు వేరే పనేం లేదా?” అని ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మొన్న ఆ తలుపు ముందు నుంచి వెళ్తుంటే, అంటే వెళ్లడమేం లేదు, చెవి ఆనించి నించునే ఉంది, చిన్నకోడలు ఫోన్లో మొగుడితో అంటున్న మాట వినపడింది.

“ఏవండీ, ఈ గోడ దగ్గర్నుంచి ఆ గోడదాకా పదహారడుగులు! ఒట్టు, నేనే లెక్కపెట్టాను! వదినకి మాత్రం చెప్పకండి, బాధపడుతుంది.”

పెద్దకోడలి ఒళ్లు భగ్గుమంది. గదులు పంచిననాడు “రెండూ ఒకటే కొలతమ్మా” అన్నారు కదా వీళ్లు! తన గది పన్నెండు. అంటే నాలుగడుగులు నొక్కేశారన్నమాట. ఆ గది విశాలంగా కనపడితే సామాను తక్కువేమోలే అనుకుంది ఇన్నాళ్లూ, వెర్రిమొహం!

ఆ సాయంత్రమే అందరి ముందూ అడిగేసింది. “మా గదిలో గాలాడటం లేదు, బాబు ఉక్కకి నిద్రపోవట్లేదు. గదులు మార్చుకుందాం.”

నడుం బిగించి పోట్లాటకి సిద్ధంగా ఉంది. తీరా చూస్తే చిన్నకోడలు “సరే అక్కా, బాబుకి బాగుంటే అంతకన్నానా” అనేసింది. తప్పు చేసిన మనిషి కాకపోతే అంత తేలిగ్గా ఒప్పుకుంటుందా? సామాన్లు అటూ ఇటూ మారాయి. కొలతల సంగతి తనకి వదిలేయమని పెద్దకోడలే షాపుకి బయల్దేరింది.

మర్నాడు షాపాయన వచ్చాడు. పన్నెండడుగుల ముక్క చిన్నకోడలి గదిలో అచ్చంగా అతికింది. రెండోది పెద్దకోడలి కొత్త గదిలో పరుచుకుంటూ పోతే గోడకి తగిలి, గోడెక్కి, కిటికీదాకా పాకింది.

షాపాయన టేపు తీశాడు. “పన్నెండు. ముందే మొత్తుకున్నాను.”

“ఎవరు చెప్పారమ్మా నీకు పదహారని?” అన్నారు మామగారు.

పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ల ఉక్రోషం ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది.

“ఇదే చెప్పింది! నా చెవులారా విన్నాను. పదహారడుగులని, వదినకి చెప్పొద్దని! తలుపులేసుకుని అందరూ నవ్వుకునేది నన్ను చూసే కదా? అసలీ ఇంట్లో నేనూ నా కొడుకూ మనుషుల్లా కనపడుతున్నామా మీకు?” ఏడుపొచ్చేసింది.

చిన్నకోడలు బిక్కచచ్చిపోయింది. ఆ పిల్ల చూపు పెద్దకోడలి చంకలోని బాబు మీద పడి, చప్పున పక్కకి తప్పుకుంది.

“చెప్పేయవే” అంది అత్తగారు నీరసంగా. “ఇంకెన్నాళ్లు దాస్తాం?”

చిన్నకోడలు దగ్గరికొచ్చి తోడికోడలి చెయ్యి పట్టుకుంది.

“అవి పాప వేసిన అడుగులక్కా.”