కెమెరాకి కుదురు

పెళ్లి వీడియోలు తీసే నవీన్ ఆత్మకూరు షాపుకి ఫోన్ చేశాడు. కెమెరా ఊగకుండా పట్టుకునే గింబల్ చవకదైతే, అతని కెమెరా బరువు మోయదట. మోసేది పన్నెండు వేలట. సాయంత్రమే ఉదయగిరిలో ఊరేగింపు. ఈసారీ వీడియో ఊగితే ఇక ఎవరూ పిలవరు.

"ఏంది రా నీకు కావాల్సింది?" అంది వాళ్లవ్వ ఆదిశేషమ్మ, పెరుగు అమ్మి వచ్చి నెత్తిమీది కుండ దించుతూ.

"నడిచేటప్పుడు కెమెరా కుదురుగా ఉండాలవ్వా."

"కుదురా?" తలమీది గుడ్డచుట్ట తీసి చేతిలో పెట్టింది. "ఇదో. నలభై ఏండ్లుగా దీనిమీదే పెరుగు మోస్తుండా. చుక్క తొణకలా."

నవీన్ నవ్వాడు. నవ్వి, ఆలోచించాడు.

సాయంత్రం కెమెరా అవ్వ నెత్తికెక్కింది.

వీడియోలో ఒక్క వణుకు లేదు. కాకపోతే ఊరేగింపు మొత్తం కెమెరాకేసే చూస్తోంది. పెళ్లికూతురు కూడా కారులోంచి తల బయటపెట్టి, "అవ్వా, పెరుగుండాదా?" అంటోంది.