పట్టీ విరిగిన చోటు

1984 ఏప్రిల్ 15, ఆదివారం మధ్యాహ్నం బళ్ళారి బట్టల వ్యాపారి పంపాపతి, జైల్లో ఉన్న ఒక లారీ డ్రైవరును విడిపించగల ఒకే ఒక సాక్ష్యాన్ని సానబట్టి కత్తిగా మార్చాడు. ఆ సంగతి అతనికి సాయంత్రం తెలిసింది.

అంగడి మూసిన రోజుల్లో పెరట్లో కత్తులు చేయడం అతని సరదా.

సాయంత్రం, ఆ ఇంట్లో పనిచేసే కరియమ్మ వచ్చి పెరట్లో పాత ఇనుము కుప్పంతా తిరగేసింది.

"ఏంది కరియమ్మా ఎతుకుతాండావు?"

"లారీ కింద బరువు మోసే కమాన్ పట్టీ అప్పా, విరిగిండేది. కురుగోడు దోవలో మా ఆయన లారీ పల్టీకొట్టిన చోట నేనే ఏరుకొస్తి. ఓనరు మనుషులు మా ఇల్లంతా ఎతికిరి. ఓనరు మీ బీగుడే కదా, మీ కూతురి మామ, మీ ఇంట్లో ఎతకర్లే అని ఈడ దాచిపెడితి."

"అది నీకెందుకు?"

"విరిగిన చోట పాత తుప్పుండాది. పట్టీ ముందే పగిలిందని, మా ఆయన తప్పు కాదని లాయరు జడ్జికి చూపిస్తాడంట."

పంపాపతి లోపలికి పోయి కొత్త కత్తి తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"తుప్పు యాడప్పా?"

"అరగదీసేసినా."

"మీరు చూస్తిరా దాన్ని?"

"చూసినా. సగం మందం దాకా ఉండె."

కరియమ్మ అతని కాళ్ళ మీద పడింది. "ఆ మాటే కోర్టులో చెప్పప్పా. నేను చెప్తే ఎవురు నమ్ముతారు?"

విచారణ మరునాడే, సోమవారం ఉదయం పదకొండు గంటలకు. అదే ఉదయం తొమ్మిదికి, కాన్పుకొచ్చిన పంపాపతి కూతురినీ బిడ్డనూ అత్తవారింటికి తీసుకుపోవడానికి, లారీ యజమాని అయిన వియ్యంకుడి కారు వస్తుంది.