వెండి కన్ను

"నల్లద్దాలు పెట్టుకోనే కూర్చోండి ఆంటీ. ఫొటోలో స్టైల్‌గా ఉంటాది," అన్నాడు నెల్సన్ కెమెరా సర్దుకుంటూ.

ఇసబెల్లా నవ్వి అద్దాలు తీసేసింది. నెల్సన్ చటుక్కున చూపు తిప్పుకున్నాడు. ఆమె ఎడమ కన్ను ఎర్రబారి, రెప్ప వాలి, సగానికి మూసుకుపోయింది. కుడి కన్ను మాత్రం చెక్కు చెదరలేదు. పెళ్ళి ఫొటోలో ఉన్నట్టే నల్లగా, పెద్దగా ఉంది. ఆండర్సన్‌పేటలోని ఈ స్టూడియోలోనే ఆ పెళ్ళి ఫొటో తీసింది నెల్సన్ నాన్న.

"గ్లకోమా ఆపరేషనప్పా. కంట్లో ప్రెషర్ తగ్గించేదానికి చేసినారు. బాగా అయ్యింది," అందామె.

బాగా అయితే ఇలా ఉంటుందా అనుకున్నాడు నెల్సన్. మర్యాద తెలిసినవాడు కాబట్టి పైకి అనలేదు.

"బాగా అయ్యిందంట! ఇంటికొచ్చి అద్దాన్ని గోడకు తిప్పి పెట్టేసింది," అన్నాడు భర్త అంతోని. ఊళ్ళోని బంగారు గని మూసేదాకా అందులో పని చేసిన మనిషి, గొంతు ఇంకా తగ్గలేదు. "చర్చిలో ఆదివారం పూజకు గూడా నల్లద్దాలే. నేనేమో అందరికీ చెప్తా ఉండా, నలభై ఏండ్లకు మా ఇసబెల్లా నాకు కన్ను కొట్టిందని!"

"సిగ్గు లేదు మీకు." ఆమె మోచేత్తో పొడిచింది. "నిజమేప్పా, శానా ఏడ్చినా. ఎవరెదురైనా ఆ కన్నునే చూస్తా ఉన్నట్టుండె. పోయిన నెల మా చెల్లెలి కూతురు సోనియాకు పెళ్ళి గౌను కుట్టినా. సూదిలో దారం నేనే ఎక్కించుకున్నా. ముత్యాలన్నీ నేనే కుట్టినా. ఆ పొద్దే ఏడుపు నిలిచిపోయింది."

సంచీలోంచి చిన్న వెండి రేకు తీసి ఒళ్ళో పెట్టుకుంది. దాని మీద ఒక కన్ను చెక్కి ఉంది. వేళాంకణ్ణి మాతకు మొక్కు. సాయంత్రం బండికే ప్రయాణం. రేకుతో పాటు ఫొటో కూడా అమ్మ ముందు పెట్టాలి.

"రెండు కండ్ల రేకు దొరకలేదా ఆంటీ?"

"దొరికింది. కంసాలి ఆచారి చేత ఒకటే కోయించుకున్నా. మొక్కుకునింది ఈ కంటికే గదా," అని ఆమె వాలిన రెప్పను చూపించింది.

నెల్సన్ మనసు చివుక్కుమంది. మొహం ఇలా చేసినందుకు మొక్కు తీర్చడం కూడానా!

"అంకుల్, మీరు ఆంటీకి కుడి పక్కకు రండి. ఆడవాళ్ళు మొగుడికి ఎడమ పక్కనే ఉండాల."

"కుదరదు. నేను ఈమెకు ఎడమ పక్కనే ఉంటా."

"ఈ పక్కనే ఉండనీప్పా ఆయన్ని," అంది ఇసబెల్లా కూడా.

ఎర్రకన్నును భుజం చాటున దాచాలని కాబోలు, పాపం అనుకుని నెల్సన్ కెమెరా వెనక్కి వెళ్ళాడు. ఫొటో అయ్యాక లేవబోతూ ఆమె కుడి వైపున్న లైటు స్టాండుకు తగులుకుంది. అంతోని గబుక్కున పట్టుకున్నాడు.

"మీ నాయన ఉన్నప్పుడు ఈ స్టూడియో ఇంత ఇరుకు లేదప్పా!" అని కసిరాడు.

నెల్సన్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వాళ్ళు అడగలేదు, అయినా అతని చేతులు ఊరుకోలేదు. వాలిన కన్నును చెరిపేసి, కుడి కన్నునే తిరగేసి అక్కడ అతికించాడు. ప్రింటు తీసి గర్వంగా ఆమె చేతికిచ్చాడు.

ఇసబెల్లా ఫొటోను దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. ఫొటోలో రెండు పెద్ద కళ్ళూ కళకళలాడుతున్నాయి. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎంత ముద్దుగా చేసినావప్పా! నీ మనసు మంచిది. ఇది ఇంట్లో పెట్టుకుంటా. మాతకు మాత్రం నా కన్ను నాకు పెట్టి ఇంగొకటి తీసియ్యి."

"ఆ ఎర్ర కన్నెందుకు ఆంటీ, ఇంత అందమైన కన్ను ఉండంగా!"

అంతోని ఏదో కసరబోయాడు. ఇసబెల్లా భర్త చెయ్యి తట్టి ఆపి, వాలిన రెప్పను వేలితో మెల్లగా నిమురుకుంది.

"నాకు చూపుండేది ఈ ఒక్క కంట్లోనే నెల్సన్."