గోడమీది చీటీ

“మార్చావా, లేదా? ఒక్క ముక్కలో చెప్పు!” ఇంజనీరు లాగ్‌బుక్కును బల్లకేసి కొట్టాడు.

పంపుహౌసు ఆపరేటరు వాచిన చెంపను అరచేత్తో అదుముకున్నాడు. “మార్చలేదు.”

“మొన్న పైపు పగిలిన రోజా?”

“పన్నెండేళ్లలో ఏ రోజూ.”

గదిలో రెండు మీటలు. నీటి ఒత్తిడి చూపే ముల్లు ఊగినప్పుడు ఏ మీట వేసినా కాసేపటికి ఊపు చస్తుంది. పైన గోడకు ఇంజనీరు సంతకంతో చీటీ: ‘ముల్లు ఊగిన ప్రతిసారీ ఒక మీట నుంచి రెండోదానికి మార్చవలెను.’

ఇంజనీరు ఒకటో మీట వేశాడు. ముల్లు ఊగి ఊగి నిలబడింది. రెండోది వేశాడు. అదీ అంతే.

“చూశావా? ఇదీ తగ్గిస్తుంది, అదీ తగ్గిస్తుంది. సగంలో సగం పావు. మార్చేకొద్దీ తగ్గక పెరుగుతుందా?”

“లెక్కలు నాకు రావు సార్. ముల్లు తెలుసు. దేనికదే బంగారం. మార్చి మార్చి వేస్తే రెండూ కలిసి దాన్ని రెచ్చగొడతాయి. ఉయ్యాల ఆపమని అటొకణ్ణి, ఇటొకణ్ణి నిలబెట్టి వంతులేస్తే ఆపుతారా, ఊపుతారా? మూడుసార్లు మీకు రాసిచ్చాను.”

“నీ ఉయ్యాల కబుర్లు ఇంట్లో చెప్పుకో! చీటీ పాటించి ఉంటే రెండు వీధులు మునిగేవా? ఈ మీటలు ముట్టే హక్కు నీ ఒక్కడిది. ముంచింది నువ్వే!” ఇంజనీరు ఆగి ఎగాదిగా చూశాడు. “ఆ చెంపేంటి?”

“మొన్న పన్ను పీకించుకున్నాను.”

“డ్యూటీ ఎగ్గొట్టా?”

“దిగాక.”

బయట, పంపులకు గ్రీజు పెట్టే ఆపరేటరు బామ్మర్ది చేతిలోంచి డబ్బా జారి ఖంగుమంది.

“నీ ఉద్యోగం ఇవాళ్టితో సరి. సంతకం పెట్టు.”

ఆపరేటరు పెట్టాడు. కలానికి మూతపెట్టి, లేచి, గోడమీది చీటీని పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. సున్నంతో సహా ఊడొచ్చింది.

“ఎంత పొగరురా నీకు!”

“నన్ను తీసేశారు, సరే. దీన్నీ తీసెయ్యండి. లేదంటే ఈసారి మునిగేది వీధులు కాదు, మనుషులు.”

“రేపే కొత్తది అతికిస్తా! ఫో!”

ఆపరేటరు చీటీని నాలుగు ముక్కలు చేసి బల్లమీద పడేసి బయటికొచ్చాడు. దవడ పగిలేలా పళ్లు బిగించి ఉన్నాడు. బామ్మర్ది గోడకానుకుని నేల చూస్తున్నాడు.

“ఏడుపాపు. మీ అక్క ముందు అసలే ఏడవకు. ఇక ఇంటికి నీ జీతమొక్కటే.”

బామ్మర్ది గ్రీజు చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు.

“నువ్వు పన్ను పీకించుకోడానికెళ్లిన ఆ గంటసేపూ చీటీలో ఉన్నట్టే మార్చాను బావా.”