ఇంజనుకు చేసిన పూజ

గేటు దగ్గర నిలబడిన మనిషి జేబు మీద కారు షోరూం గుర్తు చూడగానే నరేష్‌కు ఒళ్ళు మండింది.

"అవ్వ ఉండాదా సార్? ఒక్కతూరి మాట్లాడి పోతాను" అన్నాడు ఆ మనిషి.

యాభై దాటి ఉంటాయి. నలిగిన నీలం చొక్కా, గోళ్ళ సందుల్లో గ్రీజు. పెనుకొండలో బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినట్టున్నాడు.

ఎవరొచ్చినా ముందు చెంబెడు నీళ్ళిచ్చే ఇల్లు అది. కానీ ఆ చొక్కాకు నీళ్ళు కూడా దండగ అనిపించింది నరేష్‌కు.

అనిపించదా మరి.

హైవే పక్క చేను ప్లాట్లు వేసి అమ్మిన డబ్బుతో, చిన్నప్పటినుంచీ ఆశపడ్డ ఇటలీ కారు కొందామని బెంగళూరు షోరూంకు వెళ్ళాడు. కాళ్ళకున్న చెప్పులు చూసి గంటసేపు కూర్చోమన్నవాడు లేడు. చెక్కు చూశాక మాత్రం కాఫీలు, పూలగుత్తులు, ఫోటోలు. అందరూ ఈగల్లా ముసురుకున్నారు.

కారు ఇంటికి రాగానే అవ్వ రామలక్ష్మమ్మ పళ్ళెంతో వచ్చింది. ట్రాక్టరు కొన్నా, బోరుకు మోటారు బిగించినా, ఆ ఇంట్లో పూజ ఇంజనుకే.

ముందు మూత ఎత్తితే రెండు సంచులు పట్టే ఖాళీ తప్ప ఏమీ లేదు. ఈ కారుకు ఇంజను వెనక ఉంటుందని నరేష్ చెప్తే, అవ్వ నోరారా నవ్వి పళ్ళెంతో వెనక్కి నడిచింది. ఇంజను మీద గాలి పోయే సందులున్నాయి. సరిగ్గా అక్కడే పసుపు నీళ్ళు చల్లి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి ఆ నీళ్ళు ధారగా పోసింది.

ఇరవై రోజులకు ధర్మవరం రోడ్డులో కారు ఆగిపోయింది.

లారీ మీద ఎక్కించుకుపోయిన షోరూం వాళ్ళు నెలన్నర పాటు ఫోను సరిగా ఎత్తనేలేదు. ఎత్తినప్పుడల్లా ఇటలీ నుంచి పార్టు రావాలన్నారు. చివరికి వచ్చింది పార్టు కాదు, కాగితం. పూజ నీళ్ళు పడి ఇంజను పాడయిందట, వారంటీ వర్తించదట, ఆ మాట ఒప్పుకుని సంతకం పెట్టి పంపాలట.

నరేష్ ఫోన్లో మేనేజరు మీద విరుచుకు పడుతుంటే అవ్వ వినింది. ఫోన్ లాక్కుంది.

"తప్పు నాది సామీ, మావానిది కాదు. బండి బాగుచేసియ్యి" అని ఏడ్చింది.

అవతల మేనేజరు ఫోను స్పీకర్లో పెట్టుకుని నవ్వుతున్నాడు. ఇంకో ఇద్దరు నవ్వడం కూడా వినిపించింది.

ఆ రోజు నుంచి అవ్వ దేవుడి గది గడప తొక్కలేదు. "ఈ చేతులతోనే చెడగొడితిని కదా నాయనా" అనుకుంటూ మూలన కూర్చునేది. నీ తప్పేం లేదని నరేష్ ఎన్నిసార్లు చెప్పినా, తనను ఓదార్చడానికి చెప్తున్నాడనుకునేది. కారు పోతే పోయింది, అవ్వ మళ్ళీ మునుపటి మనిషి అయితే చాలనుకున్నాడు.

ఇప్పుడు ఆ షోరూం చొక్కాయే ఇంటికొచ్చి అవ్వ కావాలంటోంది.

"ఆమెతో నీకేం పని?"

"ఆ పూజ సంగతి సార్. ఆమెకే చెప్పల్ల."

"నేను సంతకం పెట్టలేదని ముసలామె వేలిముద్రకు వచ్చినావా?"

"కాదు సార్, నేను..."

నరేష్ ఆ మాట పూర్తి కానివ్వలేదు. మీరు తినేది అన్నమేనా అన్నాడు, నోటికొచ్చిన మాటలన్నీ అన్నాడు, కాలరు పట్టుకుని గేటు బయటికి తోశాడు.

ఆ మనిషి కాలరు సర్దుకున్నాడు. రోడ్డు అవతల నిలబడి వసారా వైపు కాసేపు చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

నరేష్ కొళాయి కింద సబ్బు పెట్టి చెయ్యి కడుక్కున్నాడు.

"ఎవరు నాయనా?" లోపలినుంచి అవ్వ అడిగింది.

"ఎవరూ లేరవ్వా" అన్నాడు.

నెల తిరక్కముందే అవ్వ నిద్రలోనే పోయింది. ముందురోజు సాయంత్రం చెవుల కమ్మలు తీసి నరేష్ చేతిలో పెట్టి, ఇవి అమ్మి బండి బాగు చేయించుకో అంది.

దినాలు ముగిశాక షోరూం నుంచి మెసేజ్ వచ్చింది. కారు తీసుకుపోకపోతే రోజుకింత అద్దె వేస్తారట. నరేష్ పళ్ళు కొరుకుతూ లారీ మాట్లాడుకుని వెళ్ళాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఎల్లప్పది మడకశిర. నరేష్ యాస విని దగ్గరికొచ్చాడు.

"ఏమప్పా, పెనుకొండ కాడ పూజ చేసిన బండి మీదేనా? ఇమ్మానుయేలన్న మీ ఇంటికి వచ్చినాడా?"

"ఏ ఇమ్మానుయేలు?"

"మన హిందూపురమాయన. ఈడ పెద్ద మెకానిక్కు."

నరేష్‌కు గోళ్ళలో గ్రీజున్న చేతులు కళ్ళ ముందు మెదిలాయి.

"వచ్చినాడు. వేలిముద్రకు పంపింది మీవోళ్ళే కదా" అన్నాడు.

ఎల్లప్ప అతని వైపు విచిత్రంగా చూశాడు.

"వీళ్ళు యాడ పంపినారప్పా. మీకు అమ్మకముందే అది సెల్లారులో వాన నీళ్ళకు మునిగిన బండి, ఇంజను విప్పితే లోపల ఎండిన బురద ఉండాది. పూజ వల్లే పాడయిందని రాసి సంతకం పెట్టమంటే ఆయన పెట్టనన్నాడు."

ఎల్లప్ప గొంతు తగ్గించాడు.

"ఫోన్లో ఆ పెద్దామె ఏడ్చింది విన్నాడంట. ఇరవై ఏండ్ల ఉద్యోగం పీకేసిన పొద్దే, చొక్కా కూడా మార్చుకోకుండా, ఆమె చేతుల్లో తప్పు లేదని ఆమెకే చెప్పల్ల అని మీ ఊరి బస్సెక్కినాడు."